దత్తత తెచ్చుకున్న లాబ్రడార్‌కి కాగితాల్లో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు – ఇప్పుడు మూడోది పెట్టొచ్చా?

గుత్తిరోడ్డు (అనంతపురం):

మూడేళ్ళ మగ లాబ్రడార్‌ని దత్తత తీసుకున్నాం. పాత యజమానులు ఫ్లాటుకి మారుతూ ఇచ్చేశారు. కుక్కతో పాటు కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) సర్టిఫికెట్, మైక్రోచిప్ స్టిక్కరు, టీకాల పుస్తకం చేతికొచ్చినాయి. సర్టిఫికెట్‌లో కెన్నెల్ (కుక్కల్ని పుట్టించి అమ్మేవాళ్ళ సంస్థ) పేరుతో కలిపి పొడుగాటి ఇంగ్లీషు పేరుంది. ఆ పేరు పెట్టి పిలిస్తే అది తల కూడా తిప్పదు. వాళ్ళు పిలిచిందీ, టీకాల పుస్తకంలో రాయించిందీ చిన్నా అని.

చిక్కేమంటే పక్కింటి పిల్లోడు కూడా చిన్నానే. వాళ్ళమ్మ అన్నానికి పిలిస్తే ఇది గేటు మీదికి ఉరుకుతుంది. మేం "చిన్నా, నోర్మూయ్" అని అరిస్తే పక్కింట్లో మొహాలు మాడుతున్నాయి. ఇంట్లోవాళ్ళు వీరా అని పెడదామంటున్నారు.

మూడేళ్ళ కుక్క కొత్త పేరు నేర్చుకుంటుందా? కేసీఐలో పేరు మార్చాలా? చిప్‌లో పాత పేరే ఉండిపోతుందా? మాకు దీంతో షోలకి తిరిగే ఉద్దేశం లేదు, ఇంటి కుక్కే.

బుధవారపేట (కర్నూలు):

కాగితాల సంగతి నేను చెప్తా, నేర్పే సంగతి కడపాయన చెప్తాడు.

సర్టిఫికెట్‌లో పేరు జోలికి పోవద్దు. అందులో ఒక ముక్క బ్రీడర్ కెన్నెల్ పేరు, అది వాళ్ళ సొత్తు. దీనికి ఇంతకుముందే పిల్లలు పుట్టి రిజిస్టరై ఉంటే, ఆ పిల్లల వంశావళిలో తండ్రి గడిలో ఇదే పేరూ ఇదే నంబరూ ఎక్కి ఉంటాయి. అది కాగితం పేరు, కాగితానికే. మీరు ఇంట్లో ఏమని పిలిచినా కేసీఐకి సంబంధం లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. అమెరికా క్లబ్బుల నియమాలు చదివి ఇక్కడ పేరు మార్పు ఫారం కోసం వెతికేవాళ్ళు కనిపిస్తుంటారు, ఆ నియమాలు ఆ దేశానివి.

మీరు చెయ్యాల్సిన పని ఇంకొకటుంది, దాన్ని అడగనే లేదు. యాజమాన్య బదిలీ. సర్టిఫికెట్ చేతిలో ఉన్నంత మాత్రాన కుక్క మీ పేరు మీదికి రాదు. యజమాని గడిలో పాతవాళ్ళ పేరే ఉంటుంది. బదిలీ ఫారం మీద వాళ్ళ సంతకం కావాలి, అదీ సర్టిఫికెట్‌లో పేరున్న మనిషి సంతకం, ఇంట్లో ఇంకొకరిది పనికిరాదు. వాళ్ళు ఊరు మారి, ఫోన్ నంబరు మార్చాక సంతకం కోసం వెతకడం నరకం. కాబట్టి ఈ వారంలోనే పట్టుకోండి. కేసీఐ ఆఫీసు చెన్నైలో ఉంది, ఫారం, ఫీజు వివరాలు వాళ్ళ వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఒరిజినల్ పంపేముందు రెండు వైపులా స్కాన్ చేసి పెట్టుకోండి. సంతకంతో పాటు "ఈ కుక్కను ఫలానావారికి ఇచ్చేశాం, మాకు ఇక హక్కు లేదు" అని చిప్ నంబరు వేసి ఒక తెల్లకాగితం రాయించుకోండి. పెంచి పెద్దచేసిన కుక్క కదా, ఆర్నెల్లకి మనసు మారి తిరిగి అడిగేవాళ్ళు ఉంటారు.

చిప్‌లో పేరు ఉండదు. పాత పేరూ లేదు, కొత్తదీ ఎక్కించలేరు. బియ్యపు గింజంత గాజు గొట్టం అది, లోపల 15 అంకెల నంబరు తప్ప ఇంకేం లేదు. బ్యాటరీ ఉండదు, జీపీఎస్ ఉండదు. ఆ నంబరు ఏ డేటాబేస్‌లో ఎవరి ఫోన్‌కి ముడిపెట్టి ఉందో అదే ముఖ్యం. కుక్క తప్పిపోయి ఎవరో స్కాన్ చేయిస్తే ఫోన్ పాత యజమానికి పోతుంది. నంబరు ఎక్కడ నమోదైందో వాళ్ళనే అడిగి, మీ ఫోన్, చిరునామా మార్పించండి. దాంతోపాటు ఇప్పుడే ఒకసారి స్కాన్ చేయించి స్టిక్కరు మీది నంబరుతో అంకె అంకెనూ సరిచూడండి. ఒకే ఈతలో పుట్టిన రెండు పిల్లల స్టిక్కర్లు తారుమారవడం ఉంది.

టీకాల పుస్తకంలో మాత్రం పేరు కలపాలి. మీరే పెన్నుతో కొట్టేసి రాయొద్దు, వైట్‌నర్ అసలే వద్దు. డాక్టరు చేత "టైగరు, పాత పేరు చిన్నా" అన్నట్టుగా (మీరు పెట్టే పేరేదైతే అది) రెండు పేర్లూ పక్కపక్కన రాయించి, తేదీ, సంతకం, ముద్ర వేయించండి. కారణం రేబిస్. రేపు ఎవరికైనా పన్ను తగిలితే మొదట అడిగేది ఈ పుస్తకమే. దిద్దుళ్ళు కనిపిస్తే వేరే కుక్క పుస్తకం తెచ్చారంటారు. కరిచిన కుక్కని ఎలాగూ 10 రోజులు కట్టేసి గమనిస్తారు, కానీ టీకా ఉందని నమ్మించలేకపోతే వాడకట్టులో మాట పడేది మీరే. అసలు చెప్పాలంటే ప్రతి టీకా పక్కనా చిప్ నంబరు రాయిస్తే పేరు ఏదైనా గొడవే ఉండదు.

కొత్త డాక్టరు కొత్త పుస్తకం ఇస్తానంటే తీసుకోండి గానీ పాతది పారెయ్యొద్దు. టీకా సీసా స్టిక్కర్లు, బ్యాచ్ నంబర్లు పాతదాంట్లోనే ఉంటాయి. రెండూ కలిపి పిన్ను కొట్టండి. ఎప్పుడైనా విదేశానికి తీసుకుపోవాల్సొస్తే ఇది ఇంకా ముఖ్యం. యూరప్ దేశాలకైతే చిప్ వేశాకే, లేదంటే అదే రోజు, రేబిస్ టీకా పడి ఉండాలి. ఆ వరస చూపించేది పాత పుస్తకమే.

కార్పొరేషన్ లైసెన్సు పాతవాళ్ళ పేరున ఉంటే దాన్నీ మార్పించండి. మెడకి కట్టే బిళ్ళ మీద కుక్క పేరు చెక్కించొద్దు, మీ ఫోన్ నంబర్లు రెండు చెక్కించండి. నేమ్‌ప్లేట్లు చేసే అంగట్లో ఇత్తడి బిళ్ళ మీద చెక్కిస్తారు. పేరు చెక్కిస్తే దొంగకి పిలిచే మాట మనమే అందించినట్టు.

ఏడురోడ్లు (కడప):

మూడేళ్ళు కాదు, పదేళ్ళ కుక్కకైనా పేరు మార్చొచ్చు. దాని లెక్కలో పేరంటే "ఇటు చూస్తే మంచి జరుగుతుంది" అనే సంకేతం, అంతే.

అయితే వీరా వద్దు. మీ అవ్వో తాతో "రా" అని పిలుస్తారు కదా, వీరా అని సాగదీసి పిలిస్తే చివర మిగిలేది ఆ "రా"నే. షేరా, బగీరా, రాజా, రాకీ, రాము అన్నిటికీ ఇదే తంటా. "వీరా, ఆగు" అంటే సగం కుక్కలు వచ్చేస్తాయి, ఆగవు. 2020లో హంగరీ పరిశోధకులు కుక్కల మెదడు తరంగాలు కొలిచి చూశారు. తెలిసిన మాటనీ, దానికి పూర్తిగా భిన్నమైన అర్థంలేని మాటనీ వేరుచేయగలిగినాయి. ఒక్క ధ్వని తేడాతో ఉన్న మాటని మాత్రం వేరుచేయలేకపోయినాయి. మనకి స్పష్టంగా వేరుగా వినిపించేది దానికి అట్లా వినిపించకపోవచ్చు.

ఇంకో సంగతి, వీరాలో అచ్చులు ఈ, ఆ. చిన్నాలో ఇ, ఆ. దూరం నుంచి, గాలిలో వినిపించేది అచ్చులే. పక్కింటావిడ పిలిస్తే మళ్ళీ గేటు దగ్గరికే. మున్నా, కన్నా కూడా అందుకే వద్దు. బ్రూనో చాలామంది పెడతారు, కానీ "కూర్చో"తో పోల్చి చూడండి, అవే అచ్చులు. పైగా వీధిలో పిల్లలు "ఉస్కో" అని ఉసిగొల్పే అలవాటు మన ఊళ్ళలో పోలేదు, అదీ ఆ వరసే. డిక్కీ అంటే కారు సామాన్లు దించేటప్పుడల్లా వస్తుంది. నాని, బుజ్జి, చంటి పెడితే పక్కింటి బదులు వెనకింటితో తగాదా.

టైగర్, జాకీ, టోనీ లాంటివి చూడండి. రెండక్షరాలు, మొదట గట్టి హల్లు, మీ ఇంట్లో వాడే రా, ఆగు, వద్దు, పద, కూర్చో, ఇందా – వీటిలో దేనితోనూ కలవదు. ఎంచుకునేముందు మిద్దె మీద నిలబడి వీధి చివరికి వినబడేట్టు ఒకసారి గట్టిగా పిలిచి చూసుకోండి. నోటికి ఇబ్బందిగా ఉంటే, వినేవాళ్ళు నవ్వితే, అప్పుడే తెలిసిపోతుంది.

ఇక నేర్పడం. ఉప్పు, ఉల్లి, మసాలా లేకుండా ఉడికించిన కోడి మాంసం శనగగింజంత ముక్కలు చేసి పెట్టుకోండి. లాబ్రడార్ 30 కిలోలుంటే రోజుకి సుమారు 1200 కేలరీలు సరిపోతాయి. బహుమతి తిండి అందులో పదో వంతు దాటకూడదు. అంటే కోడి ముక్కలు రోజుకి 70 గ్రాముల లోపు, ఆ మేరకు సంగటో అన్నమో తగ్గించాలి. ఈ జాతికి ఎంత పెట్టినా ఆకలే. పీఓఎంసీ అనే జన్యువులో లోపం నాలుగింట ఒక వంతు లాబ్రడార్లలో ఉందని 2016లో బయటపెట్టారు, దాని మొహం చూసి జాలిపడితే అయిపోతుంది. మన దగ్గర చవకగా దొరికే వేరుశనగ గింజలు వేయించి, పొట్టు తీసి, ఉప్పు లేకుండా పెట్టొచ్చు. కొవ్వు ఎక్కువ కాబట్టి నాలుగైదు గింజలకి మించొద్దు. కిస్‌మిస్, ద్రాక్ష, చాక్లెట్ ఎప్పుడూ వద్దు. డబ్బా పీనట్ బటర్ వాడితే జైలిటాల్ (చక్కెరకి బదులు వేసే తీపి) ఉందేమో లేబుల్ చూడండి, అది కుక్కకి విషం.

మొదటి మూడు నాలుగు రోజులు గదిలో, టీవీ ఆపి, అది మీ పక్కనే ఉన్నప్పుడు. "టైగర్" అని ఒక్కసారి మామూలు గొంతుతో అనండి, సెకను లోపల ముక్క నోటికి అందించండి. అది మీవైపు చూడకపోయినా ఇవ్వాల్సిందే, ఈ దశలో పరీక్ష లేదు. పదిసార్లు, ఆపండి. పొద్దున, సాయంత్రం, రాత్రి. ఒక్కో విడతకి రెండు నిమిషాలు పడుతుంది. ముక్క చేతిలో పట్టుకుని మొహం ముందు ఆడిస్తూ పేరు అనొద్దు. అప్పుడు అది చేతిని చూస్తుంది, పేరు వినదు. చెయ్యి వెనక ఉండాలి, పేరు ముందు, చెయ్యి కదిలేది తర్వాత.

తల టక్కున తిరుగుతోందనిపిస్తే పాత పేరుని మెట్టుగా వాడుకోండి. అది వేరే గదిలో ఉన్నప్పుడు "టైగర్", ఒక సెకను ఆగి "చిన్నా", వస్తే ముక్క. ఆ సెకనుని రెండు సెకన్లు, మూడు సెకన్లు చేస్తూ పోతే ఒక పూట "చిన్నా" అనకముందే వచ్చేస్తుంది. ఆ క్షణం నాలుగు ముక్కలు ఒకటి తర్వాత ఒకటి ఇచ్చి, అక్కడితో పాత పేరు వదిలెయ్యండి. వరస తిరగబడితే మాత్రం పని జరగదు. "చిన్నా టైగర్" అంటే చిన్నా అన్నప్పుడే దానికి కావాల్సిన కబురు అందింది, వెనక వచ్చిన టైగర్‌లో కొత్తగా చెప్పేదేం లేదు కాబట్టి చెవిన వేసుకోదు. 1960ల చివర్లో కామిన్ అనే మనస్తత్వవేత్త ఎలుకల మీద చూపించింది ఇదే. రెండు పేర్లూ కలిపి పిలిస్తే త్వరగా అలవాటవుతుందని చెప్పేవాళ్ళ మాట అందుకే వినొద్దు.

పేరు పాడయ్యేది ఎట్లాగంటే, పేరు పెట్టి పిలిచి స్నానం చేయించడం, గోళ్ళు తీయడం, మాత్ర మింగించడం, తిట్టడం. వీటికి మీరే దాని దగ్గరికి నడిచి పోవాలి. రెండోది, పలకకపోతే "టైగర్ టైగర్ టైగర్" అని జపం చేయడం. ఐదోసారికి పలికితే చాలని నేర్పుతున్నట్టు. ఒక్కసారి పిలిచి పలకకపోతే మీరే దగ్గరికి పోయి, దూరం తగ్గించి మళ్ళీ మొదలు పెట్టాలి. మూడోది ఇంటిల్లిపాదీ ఇష్టమొచ్చిన పేరు పెట్టడం. బంగారం ఒకరు, నాయనా ఒకరు, అందరూ కలిసి "రేయ్". మన ఇళ్ళలో చివరికి కుక్కకి ఖాయమయ్యే పేరు రేయ్. ముద్దుపేర్లు ఒక నెల తర్వాత, పేరు నిలబడ్డాక.

ఆదోని:

నాదొక అభ్యంతరం. ఇల్లు మారింది, మనుషులు మారారు, తిండి మారింది. పేరైనా కొన్నాళ్ళు ఉండనివ్వండి. మొదటి మూడు వారాలు పేరు మార్పు జోలికి పోకుండా, వేళకి తిండి, వేళకి నడక కుదిరాక మొదలుపెట్టడం మంచిదని నా మాట. సరిగ్గా తినని, మూలకి నక్కే కుక్క కోడి ముక్క కూడా తీసుకోదు, అప్పుడు పైన చెప్పిన పద్ధతి దేనికీ పనికిరాదు.

ఏడురోడ్లు (కడప):

బెదిరిన కుక్కకైతే ఒప్పుకుంటా. ముక్క తీసుకోవడం లేదంటే భయంలో ఉందని అర్థం, అప్పుడు పేరు కాదు, ఏదీ నేర్పకూడదు. కానీ ఈ కుక్క పిలుపు వినగానే గేటు మీదికి ఉరుకుతోంది, తిండికి కొదవ లేదు. పాత పేరు పక్కింటి నుంచి రోజుకి ఇన్నిసార్లు వినబడుతోంది, వచ్చినా ఏమీ దొరకడం లేదు, పైగా తిట్లు. ఉంచినకొద్దీ ఆ పేరు చెడుతుంది. ఇక్కడ ఆగితే నష్టమే. పాత ఇంట్లో కొట్టి పెంచారనే అనుమానమున్న కుక్క విషయంలోనూ అంతే, పేరు వినగానే చెవులు వెనక్కి పెట్టి ఒదిగిపోతుంటే ఆ పేరు మొదటి రోజే మానెయ్యాలి. అప్పుడు పాత పేరుని మెట్టుగా కూడా వాడొద్దు, కొత్తపేరు–ముక్క పద్ధతి ఒక్కటే.

ఆదోని:

సరే, తింటున్న కుక్కకి మీ మాటే.

గుత్తిరోడ్డు (అనంతపురం):

టైగర్ ఖాయం చేశాం. అవ్వ టైగరూ అంటుంది, దానికీ పలుకుతోంది. బదిలీ ఫారం మీద సంతకం కూడా అయింది. రెండు చిక్కులు మిగిలినాయి. ఇంట్లో ఒక్క పిలుపుకి తిరుగుతుంది, బయట రోడ్డు మీద అస్సలు వినదు, చెవుడేమో అనిపిస్తోంది. రెండోది, క్లినిక్‌లో స్కానర్ పెడితే చిప్ కనపడలేదు. పక్కింటి పిలుపుకి ఇంకా గేటు దగ్గరికి పోతోంది గానీ మునుపటంత కాదు.

బుధవారపేట (కర్నూలు):

చిప్ లేదని అప్పుడే తేల్చుకుని రెండోది వేయించొద్దు. రెండు చిప్‌లుంటే ఏ స్కానర్‌కి ఏ నంబరు తగులుతుందో తెలీదు, కాగితాలన్నీ గందరగోళం. మొదట గొలుసు, మెటల్ బిళ్ళ ఉన్న కాలర్ తీసేయండి, లోహం అడ్డుపడుతుంది. చిప్ వేసేది మెడ వెనక, భుజాల మధ్య. కానీ చర్మం కింద అది జరుగుతుంది, భుజం పక్కకో ముందుకాలి పైభాగానికో దిగి ఉండొచ్చు. స్కానర్‌ని ఒంటికి ఆనించి, పాము పాకినట్టు మెలికలుగా, నిదానంగా మెడ నుంచి రెండు భుజాలు, ఛాతీ, మోచేతుల దాకా తిప్పాలి. మెడ మీద ఒకసారి ఊపి లేదనేస్తే సగం పని. స్కానర్ బ్యాటరీ తగ్గినా దొరకదు. ఇంకొకటి, ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణం) చిప్‌లు 134.2 కిలోహెర్ట్జ్‌వి, పాత స్కానర్లు కొన్ని 125 మాత్రమే చదువుతాయి. వేరే స్కానర్‌తో చూడాలి. ప్రొద్దుటూరు వెటర్నరీ కాలేజీ వైపు పోయే పనుంటే అక్కడి ఆస్పత్రిలో అడగండి. అక్కడా దొరక్కపోతే అప్పుడు కొత్త చిప్ వేయించి, పాత నంబరు, కొత్త నంబరు రెండూ రాసిన డాక్టరు లెటర్‌తో కేసీఐకి తెలపండి. బదిలీ కాగితాలు అదే నంబరుతో పోతున్నాయి కాబట్టి పంపేముందే తేల్చుకోవడం మేలు.

ఏడురోడ్లు (కడప):

చెవుడు కాదు. ఇంట్లో ఒక్క పిలుపుకి తిరిగే కుక్కకి చెవులు బాగానే ఉన్నట్టు. గదిలో నేర్చుకున్నది రోడ్డు మీద దానికి వేరే పాఠం. రోడ్డు మీద వాసనలు, ఆటోలు, వీధికుక్కలు, చికెన్ అంగడి. వరండా, తర్వాత మిద్దె, తర్వాత గేటు లోపల, తర్వాత గేటు బయట రెండడుగులు, ఆ తర్వాతే రోడ్డు. ఒక్కోచోట పదికి ఎనిమిదిసార్లు మొదటి పిలుపుకే తిరిగితేనే ముందుకి పోండి. బయటికి పోయేటప్పుడు కోడి ముక్కల బదులు ఉడికిన కార్జం పట్టుకెళ్ళండి, వాసన గట్టిది, కొంచెమే చాలు. అయిదారు మీటర్ల పొడుగు తాడు కట్టి పిలవండి. వేరే కుక్కని చూస్తూ బిగుసుకుపోయినప్పుడు పిలవొద్దు, అది వినదు, మీ పిలుపు వృథా. ఇంకో పది అడుగులు దూరం జరిగి, దాని ఒళ్ళు సడలాక పిలవండి.

వేళ చూసుకోండి. మన ఎండాకాలంలో పొద్దున ఏడులోపు, లేకుంటే చీకటి పడ్డాక. అరచేతి వెనక వైపు రోడ్డుకి ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే దాని పాదాలూ కాలతాయి. రొప్పుతున్న కుక్క ముక్క కూడా తినదు.

పక్కింటి పిలుపుకి ఉరకడం తగ్గుతోంది కదా, ఆ అలవాటు పోయే దారిలోనే ఉంది. ఆవిడ "చిన్నా" అన్నప్పుడు మీరు గమ్మున ఉండొద్దు. అది గేటు వైపు లేచీ లేవకముందే "టైగర్" అని పిలిచి, వస్తే మంచి ముక్క. కొన్నాళ్ళకి పక్కింటి పిలుపు వినగానే మీ వంక చూస్తుంది. తిట్టడం మానండి, గేటు దగ్గరికి పోయాక పిలవడమూ మానండి.

ఒక్కటి మాత్రం ఇంటిల్లిపాదికీ చెప్పి పెట్టండి. వచ్చే దీపావళికి టపాకాయలకి బెదిరి గోడ దూకి పారిపోతే కొత్త పేరు ఒక్కటే పట్టుకుని వెతకొద్దు. భయంలో ఉన్న కుక్కకి మూడేళ్ళు విన్న పేరే ముందు తగులుతుంది. టైగర్ అని ఒకసారి, చిన్నా అని ఒకసారి పిలవండి, వెతికేవాళ్ళకి పంచే ఫోటో కింద రెండు పేర్లూ రాయండి.